జ్ఞాపకముల చిట్టా

1968వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కో నగరమున కంప్యూటరు నిపుణుల మహాసభ యొకటి జరిగినది. ఆ సభలో డగ్లస్ ఎంగెల్‌బార్ట్ అను ఇంజనీరు సుమారు వేయిమంది ప్రేక్షకుల యెదుట తొంబది నిమిషములసేపు ఒక ప్రదర్శన గావించెను. నేడు మన యరచేతి క్రింద తిరుగుచున్న మౌసు ఎట్లు పనిచేయునో ఆ సభలోనివారు కన్నులార చూచినది ఆనాడే. ఇంతకును ఆయన తెరమీద చూపిన దేమి? క్షిపణుల లెక్కలు కావు, గ్రహగణితము కాదు. ఇంటికి పోవుచు కొనిపోవలసిన సరకుల పట్టీ! అరటిపండ్లు మొదలుగాగల వస్తువులను వరుసగా వ్రాసెను. వానిని తరగతులుగా విడదీసెను. ఒక్కొక్క తరగతిని ముడిచియు విప్పియు చూపెను. పిమ్మట ఏ యంగడికి ముందు పోవలెనో, ఏ యంగడికి వెనుక పోవలెనో దారి గీచి చూపెను. కంప్యూటరు మనుష్యుని బుద్ధికి ఊతకఱ్ఱ కాగలదని నిరూపించుటకు ఆయనకు దొరికిన ఉదాహరణము గృహస్థుని బజారుచీటీయే!

ఆ సభ జరిగి అర్ధశతాబ్దము దాటినది. ఈ నడుమ నోట్సు వ్రాసికొనుటకును, పనులను గుర్తుంచుకొనుటకును పుట్టిన సాఫ్ట్‌వేరులకు లెక్కలేదు. వన్‌నోట్ 2003లో, టుడూయిస్ట్ 2007లో, ఎవర్‌నోట్ 2008లో, గూగుల్ కీప్ 2013లో, ఆబ్సిడియన్ 2020లో జనులయెదుటికి వచ్చినవి. ఇన్ని వచ్చినను వాడువారి కోరికలు తీరలేదు. 'అది యుండిన బాగుండును, ఇది యుండిన బాగుండును' అని అడుగువారు నానాటికి పెరుగుచునే యున్నారు. ఈ కోరికలలో న్యాయమైన వేవి, వేలంవెఱ్ఱి యేది, తెలుగు ఉపాధ్యాయునకును తెలుగు విద్యార్థికిని ప్రత్యేకముగా కావలసిన వేవి అను విషయమును కొంత విచారింతము.

మన పూర్వులకు ఈ సమస్య తెలియని దనుకొనుట పొరపాటు. గ్రామకరణములును వర్తకులును రెండు పుస్తకములు పెట్టుకొనెడివారు. ఒకటి చిట్టా. నాడు జరిగిన దానిని నాడే, జరిగిన వరుసలోనే, ఆలోచింపక వ్రాసికొనుపుస్తక మది. రెండవది ఆవర్జా. చిట్టాలోని పద్దులను తీరికవేళ విడదీసి, ఎవరి ఖాతా క్రింద వారిని, ఏ బాబతు క్రింద దానిని ఎక్కించు పుస్తకము. చిట్టా వ్రాయువాడు తొందరలో నుండును. ఆవర్జా వ్రాయువాడు నిదానముగా నుండును. ఈ రెండింటిని ఒక్కటిగా చేయబోయిన లెక్క చెడును. ఇప్పటి సాఫ్ట్‌వేరులలో పెక్కింటి దోషము సరిగా ఇదియే. విద్యార్థికి తరగతిలో ఒక మాట తోచినది. వ్రాసికొనవలెనని ఫోను తెరచినాడు. అది వెంటనే 'ఏ నోటుబుక్కులో పెట్టుదువు? ఏ గుర్తు తగిలింతువు? ఏ రంగు వేయుదువు?' అని ప్రశ్నించును. ఆ ప్రశ్నలకు సమాధానము చెప్పులోపల తోచిన మాట కాస్త ఎగిరిపోవును. కాబట్టి మొదటి కోరిక ఇది: తెరచినంతనే తెల్లకాగితము కనబడవలెను; తక్కిన ఆవర్జా పని అంతయు సాయంకాలమునకు వాయిదా పడవలెను.

ఆవర్జా విషయమున ఒక వింత చెప్పవలసి యున్నది. ఇంగ్లండు తత్త్వవేత్త జాన్ లాక్ తాను చదివిన గ్రంథములలోని విషయములను వ్రాసికొను పుస్తకమునకు ఒక సూచికను కల్పించి, ఆ పద్ధతిని 1686లో ప్రకటించెను. విషయము యొక్క పేరులో మొదటి అక్షరమును, దాని తరువాత వచ్చు మొదటి అచ్చును తీసికొని, ఆ జంటకు ఒక గది చొప్పున సుమారు నూరు గదులు గీచెను. మన బడిపిల్లవాడు దీనిని చూచిన 'ఇది గుణింతము కాదా' యని నవ్వును. రెండు పుటలలో సూచిక ముగిసెను. పుస్తకమంతయు చేతికి వచ్చెను. జర్మనీ సాంఘికశాస్త్రవేత్త నిక్లస్ లూమన్ చీటీల పెట్టెలో ఇంచుమించు తొంబదివేల చీటీలు చేరినవి. ప్రతి చీటీకి ఒక సంఖ్య. ఒక చీటీనుండి మరియొక చీటీకి దారి చూపునదియు ఆ సంఖ్యయే. నేటి సాఫ్ట్‌వేరులలో ఒక నోటును మరియొక నోటుతో ముడివేయు ఏర్పాటునకు ఆ పెట్టెయే ఆదర్శమని దానిని మెచ్చువారు చెప్పుచుందురు. ముడివేయుట సులభమైన మాట నిజమే. అయితే లూమన్ ప్రతి ముడిని తన చేత్తో వేసెను, వేయునపుడెల్ల ఆలోచించెను. యంత్రము తనంతట తానే వేయు ముళ్ళవలన సాలెగూడు ఏర్పడవచ్చును గాని, దానివలన ఆలోచన యేర్పడునని నాకు నమ్మకము లేదు.

ఇక నోట్సు వేరు, పని వేరు అని విభజించుట మరియొక చిక్కు. ఒక ఉపాధ్యాయురాలు తొమ్మిదవ తరగతికి పాఠ్యప్రణాళిక వ్రాసికొనుచున్న దనుకొందము. నడుమ 'ఈ పాఠమునకు భూగోళపు పటము ప్రయోగశాలనుండి తెప్పించవలెను' అని వ్రాసినది. ఈ వాక్యము నోట్సా, పనియా? రెండును. నోట్సు పుస్తకములో నున్నచో గురువారము ఉదయము గుర్తు చేయువారు లేరు. పనుల పట్టీలో నున్నచో ఏ పాఠము కొరకో తెలియదు. ఖగోళశాస్త్రవేత్తయగు కార్స్టన్ డొమినిక్ 2003లో తన అవసరము కొరకు నిర్మించుకొన్న ఆర్గ్‌మోడ్ అనునది ఈ చిక్కును చక్కగా విడదీసినది. ఒకే పత్రములో వ్యాసమును వ్రాయవచ్చును. అందలి ఏ పంక్తినైనను 'పని' యని గుర్తించి తేదీ నొసగవచ్చును. తేదీలు గల పంక్తులన్నియు వేరొక చోట దినచర్యగా కనబడును. దానిని నేర్చుట కష్టము. సామాన్యుడు దానిజోలికి పోలేడు. ఆ సౌకర్యమే సులభమైన రూపమున కావలెనని అడుగువారి కోరిక న్యాయమైనది.

పనుల పట్టీ యొక్క స్వభావమును గూర్చి మనశ్శాస్త్రజ్ఞులు చెప్పినదియు కొంత వినదగినది. బ్లూమా జైగార్నిక్ అను విదుషీమణి 1927లో ప్రకటించిన పరిశోధనలో, ముగిసిన పనులకంటె మధ్యలో ఆగిన పనులే మనుష్యులకు ఎక్కువగా గుర్తుండునని తేలినది. తరువాతి పరిశోధనలన్నియు ఆమె ఫలితమును బలపరుపలేదు. కాని, ముగియని పని మనస్సును పీకుచుండునని మనకు ఏ పరిశోధనయు చెప్పనక్కరలేదు గదా! 2011లో మసికాంపో, బౌమైస్టర్ అనువారు మరియొక సంగతి కనుగొనిరి. పని పూర్తికానక్కరలేదు, ఎప్పుడు, ఎక్కడ, ఎట్లు చేయుదునో నిర్ణయించుకొన్నంతనే ఆ పీకులాట చాలవరకు తగ్గునట. అట్లయినచో 'సైన్సు రికార్డు' అని రెండు మాటలు మాత్రమే వ్రాసి యూరకుండు పట్టీ చాలదు. 'శనివారము మధ్యాహ్నము, గ్రంథాలయములో, మూడవ ప్రయోగము' అని వ్రాయించుకొను పట్టీ కావలెను. ఇప్పటి పట్టీలు ఇట్టి ప్రశ్న వేయుటకు మారుగా, గడువు దాటిన పనిని ఎఱ్ఱని అక్షరములలో చూపి బెదరించును. ఎఱ్ఱ అక్షరములు నలుబది చేరిన పిమ్మట విద్యార్థి ఆ యాప్‌ను తెరచుటయే మానును. మూడు మారులు వాయిదాపడిన పనిని పట్టీ తానే ప్రక్కకు తీసి, 'ఇది ఇంకను నీకు కావలెనా?' అని మర్యాదగా అడిగిన చాలును.

ఇప్పుడు అన్నింటికంటె ముఖ్యమైన కోరికకు వచ్చుచున్నాను. లోపలికి పోయిన నోట్సు బయటికి రావలెను. ఇది వినుటకు చిన్నమాట. బెర్లినులో పుట్టిన వుండర్‌లిస్ట్ అను పనుల పట్టీని జనులు ఎంతయో ప్రీతితో వాడిరి. 2015లో మైక్రోసాఫ్ట్ దానిని కొనినది. 2019లో స్థాపకుడు దానిని తిరిగి కొనుటకు సిద్ధమని బహిరంగముగా తెలిపెను, ప్రయోజనము లేకపోయెను. 2020 మే 6వ తేదీన అది మూతపడినది. గూగుల్ నోట్‌బుక్ అనునది 2006లో మొదలై 2012లో ముగిసినది. ఎవర్‌నోట్ చరిత్ర యింకను విచిత్రము. సమస్తమును గుర్తుంచుకొందునని ఏనుగు తలను చిహ్నముగా పెట్టుకొన్న ఆ సంస్థ, వాడుకదారులు మొఱపెట్టుచున్న లోపములు దిద్దవలసిన కాలములో, 2013లో అంగడి తెరచి సంచులును మేజోళ్ళును కూడ అమ్మినది! పిదప ఇటలీకి చెందిన బెండింగ్ స్పూన్స్ అను సంస్థ చేతిలో పడినది. 2023 డిసెంబరులో, రుసుము చెల్లింపనివారికి ఏబది నోట్సులును ఒక్క నోటుబుక్కును మాత్రమే యని పరిమితి విధించినది. అప్పటికే వ్రాసినవానిని చదువుకొనవచ్చునట. క్రొత్తగా వ్రాయుటకు మాత్రము వీలులేదట.

కంపెనీ లాభనష్టములు కంపెనీవి. వానిని నేను తప్పుపట్టుట లేదు. ఒక ఉపాధ్యాయుడు పదునైదేండ్లు కష్టపడి కూర్చుకొన్న ప్రశ్నపత్రములు, ఉదాహరణములు, పిల్లలు అడిగిన చిత్రమైన సందేహములు ఆ కంపెనీ లాభనష్టములకు కట్టుబడి యుండవలెనా యనునదియే ప్రశ్న. తాళపత్రమునకు చెదపురుగు భయము కలదు. అందువలననే గత శతాబ్దమునకు ముందటి శతాబ్దమున బ్రౌను దొర శిథిలమగుచున్న తాటియాకు ప్రతులను సేకరించి, పండితులచేత కాగితములపై వ్రాయించెను. ఆకు శిథిలమైనను అక్షరము మరియొకచోటికి నడచి పోగలిగెను. ఎందుచేత? ఆ యాకును చదువుటకు దానిని చేసినవాని అనుమతి అక్కరలేదు గనుక. నోట్సు కూడ అట్టి సాదా అక్షరములుగా మన కంప్యూటరులోనే యుండవలెననువారి పక్షమున నేను నిలుతును. జాన్ గ్రూబర్ 2004లో ప్రకటించిన మార్క్‌డౌన్ అను వ్రాతపద్ధతి ఇందుల కుపకరించునది. శీర్షికకు ముందు ఒక గుర్తు, పట్టీలోని అంశమునకు ముందు ఒక గీత, అంతియే. ఏ యంత్రముననైనను, ఎన్నేండ్లకైనను చదువవచ్చును. ఆబ్సిడియన్, జాప్లిన్ వంటి కొన్ని సాఫ్ట్‌వేరులు ఈ పద్ధతిని అనుసరించుచున్నవి. ఇంటర్నెట్టు లేని వేళకూడ పనిచేయవలెననునది దీనికి తోబుట్టువైన కోరిక. పల్లెటూరి బడులలో పనిచేయువారికి దీనిని వివరింపనక్కరలేదు.

పిల్లల మార్కులు, కుటుంబపరిస్థితులు, ఆరోగ్యవిషయములు ఉపాధ్యాయుల నోట్సులో నుండును. వానికి తాళము కావలెను. 2023లో మన పార్లమెంటు చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము పదునెనిమిదేండ్లలోపు వారి విషయమున ప్రత్యేక నిబంధనలు పెట్టినది. సాఫ్ట్‌వేరును ఎన్నుకొనువారు ఈ సంగతిని మనస్సులో నుంచుకొనవలెను.

వ్రాతను గూర్చిన వివాద మొకటి కలదు. 2014లో ముల్లర్, ఓపెన్‌హైమర్ అను పరిశోధకులు, కంప్యూటరుపై నోట్సు వ్రాసికొను విద్యార్థులు ఉపన్యాసమును మాటకు మాటగా దింపుకొందురనియు, చేతితో వ్రాయువారు తమ మాటలలో కుదించుకొందురనియు, అర్థమునకు సంబంధించిన ప్రశ్నలలో చేతివ్రాతవారే మెరుగనియు ప్రకటించిరి. 2019లో వేరొకరు అదే ప్రయోగమును మరల చేసినపుడు భేద మంత స్పష్టముగా కనబడలేదు. వివాదము తేలలేదు. కాని కుదించుకొనుటలోనే చదువు జరుగుచున్నదను మాటను ఏ యుపాధ్యాయుడును కాదనడు. ఇప్పుడు వచ్చిన క్రొత్త కోరిక యేమనగా, కృత్రిమమేధ మన నోట్సును చదివి తానే సంగ్రహముగా వ్రాసిపెట్టవలెనని. కొన్ని సాఫ్ట్‌వేరులు ఆ కోరికను తీర్చినవి కూడ. కార్యాలయములో సమావేశపు వివరములకు ఇది యుపయోగించునేమో. విద్యార్థికి మాత్రము పరుగుపందెమునకు ఇంకొకరిని పంపినట్లగును. నన్నడిగినచో, యంత్రము సంగ్రహము వ్రాయుట మాని, పిల్లవాడు వ్రాసిన సంగ్రహమును చూచి 'రెండవ కారణమును విడిచితివి' అని వ్రేలు చూపిన చాలును. ఇట్టి కోరికను అడుగువారు తక్కువ.

తెలుగువారికే ప్రత్యేకమైన కోరికలు రెండు గలవు. మొదటిది తిథి. పనుల పట్టీలలో అధికభాగము ఇంగ్లీషు తేదీనిబట్టియే సంవత్సరమున కొకమారు గుర్తుచేయును. తండ్రి యాబ్దికము ఆశ్వయుజ బహుళ పంచమి యైనచో ఆ యేర్పాటు పనికిరాదు. చంద్రుడు సూర్యుని మించి పండ్రెండు భాగలు నడచిన కాలము ఒక తిథి. చాంద్రసంవత్సరమునకు సుమారు 354 దినములు. కావున తిథి యేటేట పదునొకండు దినములు వెనుకకు జరుగుచు, అధికమాసము వచ్చినపుడు ఒక్కుమ్మడిగా ముందునకు దుముకును. పైగా డల్లాసులో నున్న కుమారునకును గుంటూరులో నున్న కుమారునకును ఆ తిథి వేర్వేరు ఇంగ్లీషు తేదీలలో రావచ్చును. పంచాంగపు యాప్‌లు నేటి తిథిని చూపుచున్నవి, నిజమే. చూపుట వేరు, ఆ తిథికి పది దినములు ముందుగా, రైలు టిక్కెట్టు కొనుటకు వ్యవధి యుండగా గుర్తుచేయుట వేరు. గణితము తెలిసినదే, సూర్యచంద్రుల గతులు తెలిసినవే. అడుగువారు గట్టిగా అడుగుట లేదు.

రెండవది వెదకుట. నోట్సు వేలకొలది చేరినపిమ్మట వెదకుటయే ప్రాణము. తెలుగులో ఆ ప్రాణమే సన్నగిల్లినది. 2018 ఫిబ్రవరిలో జరిగిన వింత కొందరు పాఠకులకు జ్ఞాపక ముండవచ్చును. 'జ్ఞా' అను తెలుగు అక్షరము, లోపల కంటికి కనబడని గుర్తు ఒకటి చేరిన రూపమున, ఎదురుపడినంతనే ఐఫోనులు తెల్లబోయి ఆగిపోయినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే దానిని సవరించినది. జ్ఞానమునకును జ్ఞాపకమునకును మొదటి యక్షరమైన దానినే యంత్రము భరింపలేకపోయెను! ఆ కనబడని గుర్తే వెదకులాటలోను చిక్కు తెచ్చును. 'సాఫ్ట్‌వేరు' అని ఆ గుర్తుతో వ్రాసినదియు, 'సాఫ్ట్వేరు' అని గుర్తు లేక వ్రాసినదియు మనకు ఒకే మాట. యంత్రమునకు వేర్వేరు కావచ్చును. గుఱ్ఱము, గుర్రము, ప్రార్థన, ప్రార్ధన, పుస్తకము, పుస్తకం. అక్షరమునకు అక్షరము పోల్చు యంత్రము ఇచ్చట తడబడును. 'పుస్తక' అని వెదకినచో రెండు రూపములును దొరకును. ఈ చిట్కా కొంతవరకు పనిచేయును.

కాని 'ఇల్లు' అని వెదకినచో 'ఇంటికి' దొరకునా? 'నేయి' అని వెదకినచో 'నేతితో' దొరకునా? కన్ను–కంటికి, నోరు–నోటిలో, ఏరు–ఏటిలో, గోయి–గోతిలో, రోలు–రోటిలో: మాట మొదలే మారినపుడు పై చిట్కాయు చేతులెత్తివేయును. 'ఏరు' గూర్చి వ్రాసికొన్న పదునారు నోట్సులలో పండ్రెండు కనబడక పోవచ్చును. అవి లేవనియే విద్యార్థి యనుకొనును. ఇంగ్లీషు పదముల చివరలు తొలగించి మూలరూపమును పట్టుకొను పద్ధతిని మార్టిన్ పోర్టర్ 1980లో ప్రకటించెను. అది చిన్నచిన్న సూత్రముల వరుస. మనకు అట్టి సూత్రములు లేవా? చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణములో ఈ 'ఇ, టి, తి' అను వర్ణములను ఔపవిభక్తికములని పేర్కొని, అవి ఏయే శబ్దములకు ఎట్లు వచ్చునో చెప్పియే యున్నాడు. తెలుగు పండితులు దానిని ఏటేట తరగతిలో వల్లె వేయించుచున్నారు. ప్రక్కగదిలోనే కంప్యూటరు తరగతి జరుగుచుండును.

జాప్లిన్ వంటి సాఫ్ట్‌వేరులు తమ నిర్మాణమంతయు బహిరంగముగా ఉంచినవి; ఎవరైనను క్రొత్త భాగమును వ్రాసి చేర్చవచ్చును. ఉన్నతపాఠశాలలోని తెలుగు పండితుడు ఔపవిభక్తిక శబ్దములను రెండు వరుసలుగా వ్రాసి, ఎడమవైపు 'ఇల్లు', కుడివైపు 'ఇంటి' అని పట్టిక చేసి యిచ్చినచో, ప్రోగ్రాము వ్రాయుట నేర్చుచున్న విద్యార్థి దానిని వెదకులాటకు జోడింపగలడు. 'పంటి' అనినచో పన్నునకే పోవలెను గాని పంటకు పోరాదు; 'కంటి' అనినచో కన్నా, చూచితినను క్రియయా యను తగవు వచ్చును. అట్టి తగవులు తీర్చుటకు పండితుడు ప్రక్కన కూర్చుండవలసియే యుండును. పట్టికలో మొదట మూడు నాలుగు వందల మాటలున్నను పని మొదలగును.